ఫ్రిజ్ వెనక చెమ్మ

ఎవరైనా "మా ఫ్రిజ్ కారుతోంది" అంటే నేను ముందు అడిగేది ఒక్కటే. నీళ్లు ముందు నుంచి వస్తున్నాయా, వెనక నుంచా? కూరగాయల ట్రే కింద నిలిచి తలుపు సందులోంచి జారుతుంటే అది మంచు కరిగిన నీరు. లోపల వెనక గోడ అడుగున ఒక చిన్న రంధ్రం ఉంటుంది, అందులో కొత్తిమీర కాడో కరివేపాకు రెబ్బో అడ్డుపడి ఉంటుంది. గోరువెచ్చని నీళ్లు సిరంజితో కొడితే దారి దొరుకుతుంది. దానికి మెకానిక్‌ను పిలిచి డబ్బులు పోగొట్టుకోకండి.

ఫ్రిజ్ వెనకున్న ఇంటి గోడ మొదట్లో చెమ్మ కనిపిస్తే మాత్రం అనుమానించాల్సింది ఫ్రిజ్‌కు నీళ్లు తెచ్చే పైపునే.

2015లో ఐఐటీ హైదరాబాద్ ఎద్దుమైలారం ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ ఆవరణ వదిలి మా ఊరు కందికి వచ్చింది. ఆ తర్వాత ఈ పక్క అపార్ట్‌మెంట్లు లేస్తూనే ఉన్నాయి. వాటిలోకి తలుపు మీదే చల్లటి నీళ్లిచ్చే ఫ్రిజ్‌లూ వస్తున్నాయి. ఈ ఫ్రిజ్‌లు నీటి లైనులో కనీసం ఒకటిన్నర, రెండు బార్ల ఒత్తిడి అడుగుతాయి. మనకున్నదేమో మేడ మీది ట్యాంకు. పది మీటర్ల ఎత్తుకు దాదాపు ఒక బార్ లెక్క, పై అంతస్తు వంటింటికి అందులో మూడో వంతు వస్తే గొప్ప. అందుకని లైనుకు ఒక చిన్న పంపు తగిలిస్తారు. అంతవరకూ ఊరుకున్న అతుకులన్నీ అప్పుడు నోరు తెరుస్తాయి.

సాధారణంగా ఆ లైను ఆర్‌ఓ మిషన్ నుంచే తీస్తారు. ఈ పక్క ఆర్‌ఓ లేని వంటిల్లు అరుదు. మంజీరా నీళ్లు 1965 నుంచి హైదరాబాద్ కుళాయిల్లో పారుతున్నాయి. అయినా ఆ నదికి ఇంత దగ్గర్లో, పటాన్‌చెరు ఫ్యాక్టరీల మురుగుకు బావులు, వాగులు పాడై, జనం గోడు 1990లో సుప్రీంకోర్టు దాకా వెళ్లాల్సి వచ్చింది. బోరు నీళ్లంటే ఇప్పటికీ జనానికి జంకే. ఆర్‌ఓ కాకుండా నేరుగా బోరు లైనే ఫ్రిజ్‌కు ఇస్తే ఇంకో తంటా. కఠినత్వం లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటకూడదని తాగునీటి ప్రమాణం. అంతకు మించిన నీరు జారిన అతుకు చుట్టూ సున్నం తెల్లగా పేరుకుంటుంది. లీకు పట్టుకోవడానికి అదే మంచి గుర్తు, నేల పొడిగా ఉన్నా ఆ తెల్లమచ్చ అబద్ధం చెప్పదు.

మా ఇంట్లో ఫ్రిజ్ లైను కారినప్పుడు, సంగారెడ్డి నుంచి వచ్చే ప్లంబరన్న ఆ అతుకు ఊడదీసి, పైపు కొస నా కళ్ల ముందు పెట్టాడు. "సార్, ఫ్రిజ్ ఖరాబు కాలే. కత్తెరతోని కోసిండ్రు, చూడుండ్రి" అన్నాడు. పావు ఇంచు ప్లాస్టిక్ పైపు అది. కత్తెర పడ్డచోట నొక్కుకుపోయి కోడిగుడ్డు ఆకారానికి వచ్చింది, కోత కూడా ఏటవాలుగా ఉంది. కనెక్టర్ లోపల ఉండే రబ్బరు రింగు గుండ్రటి పైపునే పట్టుకోగలదు. అతను బ్లేడుతో అడ్డంగా, తిన్నగా కోశాడు. రింగు దాటి అడుగు తగిలేదాకా నెట్టాడు, నీలం క్లిప్పు పెట్టి ఒకసారి వెనక్కి లాగి చూశాడు. పైపులో ఒక చుట్ట వదులుగా వదిలి మరీ ఫ్రిజ్‌ను గోడకు జరిపాడు. ఊడ్చడానికి ఫ్రిజ్‌ను ముందుకు లాగినప్పుడు పైపు బిగుసుకోకుండా ఉండేందుకు ఆ చుట్ట. డెలివరీకి వచ్చిన కుర్రాళ్లకు ఈ పాటి ఓపిక ఎందుకుండదో నాకు అర్థం కాదు.

సెకనుకొక చుక్కే కదా అని వదిలేసేవాళ్లున్నారు. ఆసుపత్రి సెలైన్ లెక్కన 20 చుక్కలు ఒక మిల్లీలీటరు. అంటే రోజుకు నాలుగు లీటర్ల పైచిలుకు. అది టైల్స్ సందుల్లోంచి కింది ఫ్లాట్ సీలింగుకు దిగాక గానీ మనకు తెలియదు, అదీ కిందివాళ్లు తలుపు తట్టాక!

అనుమానం ఉంటే రాత్రి ఫ్రిజ్ కింద పాత పేపరు పరవండి, మా పేపరైనా ఏమీ అనుకోం. లైను వాల్వు కట్టేసిన రాత్రి పొడిగా ఉండి, తెరిచిన రాత్రి తడిస్తే దోషం లైనుదే. ఆ వాల్వు చేతికందేచోట లేకపోతే ఈ వారమే పెట్టించండి. ఊరెళ్లేటప్పుడు గ్యాసుతో పాటు దాన్నీ కట్టేయండి.