దినపత్రికలలో వ్యంగ్యచిత్రము

దినపత్రికలో సంపాదకీయమును కడవరకు చదువువారు కొందరే. అదే పత్రికలోని వ్యంగ్యచిత్రమును చూడనివారు మాత్రము అరుదు. సంపాదకుడు రెండు నిలువు పంక్తులలో వాదించు విషయమును చిత్రకారుడు నాలుగు గీతలలో తేల్చివేయును. ఆ గీతల బలమెట్టిది, వాని హద్దెచ్చట అను విషయమును గూర్చి నాకు తోచిన నాలుగు మాటలు మనవి చేయుచున్నాను.

తెలుగున ఈ కళకు ఆద్యులు తలిశెట్టి రామారావుగారు. 1950 దశకమున మద్రాసు ఆంధ్రపత్రికలో బాపుగారు దానికి క్రొత్త సొగసు తెచ్చిరి. ‘ఈనాడు’లో శ్రీధర్‌గారి ‘ఇదీ సంగతి’ని లక్షల ఇండ్లలో చదివిరి. ఇట్టి చిత్రములలో ముక్కు సాగవచ్చును, బొజ్జ పెరుగవచ్చును. అతిశయోక్తి మన ఆలంకారికులకు క్రొత్తది గాదు. అయితే ఆ అతిశయోక్తి మనిషిని గుర్తుపట్టుటకే కావలెను. పోటు మాత్రము అతని చేతకు తగులవలెను. అవిటివాని అవిటితనమును, పేదవాని చిరుగుబట్టను చూపి నవ్వించుట వ్యంగ్యము గాదు, అపహాస్యము.

మైసూరులో జన్మించిన ఆర్.కె. లక్ష్మణ్‌గారు 1951 నుండి టైమ్స్ ఆఫ్ ఇండియాలో గీసిన ‘సామాన్యుడు’ పాఠకులకు పరిచితుడే. గళ్ళ కోటు, ధోవతి, కళ్ళద్దములు, పెదవి విప్పని మౌనము. చాలని జీతముతో కాలము గడపిన గుమాస్తానగుటచే ఆ సామాన్యుడు నేనేయని చాల ఏండ్లు మురిసితిని. ఒకనాడు నకలు కొరకు మూడవసారి వచ్చిన రైతును ‘రేపు రమ్ము’ అని పంపి పత్రిక విప్పితిని. దస్త్రముల గుట్ట వెనుక కూర్చుండి జనమును త్రిప్పి పంపు గుమాస్తా బొమ్మ అందుండెను. మొదట కోపము వచ్చెను. తల యెత్తి చూడగా రైతు ఇంకను గుమ్మముకడనే మౌనముగా నిలిచియుండెను. సామాన్యుడు అతడు, నేను బల్లకు ఇవతలివాడను. నకలు ఆ పూటనే వ్రాసి యిచ్చితిని. ఏ పై అధికారి గద్దింపును చేయలేని పనిని ఆ బొమ్మ చేసెను.

ఈ పోటును ఓర్చుట అధికారమునకు సులభము గాదు. తన్నును విడువవలదని నెహ్రూగారు చిత్రకారుడు శంకర్‌గారితో చెప్పిరని ప్రసిద్ధి. మన తమిళనాడులోనే 1987లో, శాసనసభ్యులను మంత్రులను పరిహసించిన ఒక అట్టమీది చిత్రమునకై ‘ఆనంద వికటన్’ వారపత్రిక సంపాదకులు బాలసుబ్రమణియన్‌గారికి శాసనసభ మూడు నెలల కఠిన శిక్ష విధించెను. కొద్ది దినములకే విడుదల చేసిరి. 1994లో మద్రాసు హైకోర్టు వారికి వేయి రూపాయల పరిహారమిప్పించెను. మొత్తము స్వల్పమే, చిత్రకారుని కలమునకు దక్కిన గౌరవము స్వల్పము గాదు.

మన ఉద్దనపల్లి ప్రాంతపు పిల్లలకు నేడు తమిళ పత్రిక, ఇంగ్లీషు పత్రిక సులభముగా చేతికందును. తెలుగు పత్రికను గూడ వారి ముందుంచుడు. బొమ్మను చూచి నవ్విన పిల్లవాడు క్రింది వాక్యమును కూడబలుకుకొనియైనను చదువును. నవ్విన పిదప ఒక్క ప్రశ్న అడుగుడు: ఈ బొమ్మలో మనము బల్లకు ఏ ప్రక్కన ఉన్నాము? ఆ ప్రశ్నను పెద్దలమును వేసికొనుట మంచిది.