చెదలకు కులం లేదు

ఓ లైబ్రరీలో గరిమెళ్ల ‘మాకొద్దీ తెల్లదొరతనము’ అడిగితే వెంటనే బీరువా చూపించారు. కుసుమ ధర్మన్న ‘మాకొద్దీ నల్లదొరతనము’ అడిగితే, ఎవరాయన అన్నారు. ధర్మన్న ‘జయభేరి’, 1931లో భాగ్యరెడ్డి వర్మ మొదలెట్టిన ‘భాగ్యనగర్’ పాత సంచికల కోసం మేం చాలా గడపలు తొక్కాం. చెదలు తినేశాయన్నారు. చెదలకు కులం లేదు. ఏది బైండు చేయించాలో, ఏది మూలన పడేయాలో తేల్చినవాళ్లకుంది. దాచనిది వాళ్లే, ఆధారాల్లేవు కాబట్టి దళితులకు సాహిత్యమే లేదని తేల్చిందీ వాళ్లే. అంచేత విద్యార్థులకు మా మాటొకటే: కేటలాగు దగ్గర ఆగిపోవద్దు. పేటల్లో ట్రంకుపెట్టెలు తెరిపించండి, ముసలోళ్లచేత పాడించుకోండి. ‘దొరకలేదు’ అని థీసిస్‌లో రాసేముందు, ఎందుకు దాచలేదో కూడా రాయండి.