నోటుపుస్తకంలో ఎవరి మాట?

మన కథల్లో మూస పాత్రలు ఎందుకు పెరుగుతున్నాయని ఎవరైనా అడిగితే, దృక్పథ లోపమే కారణమని చాలాకాలంగా చెప్పుకుంటూ వస్తున్నాం. నేనూ అలాగే రాశాను. ఇప్పుడు ఆ సమాధానం నాకు చాలడం లేదు. దృక్పథం సరిగ్గానే ఉండి, ఎన్నుకున్న వస్తువూ మంచిదే అయి, కథ మాత్రం ప్రాణం లేకుండా పడి ఉండటం తరచూ చూస్తున్నాం. రచయిత కథ రాయడానికి కూర్చోకముందే, అతని జేబులోని నోటుపుస్తకంలోనే ఈ జబ్బు మొదలవుతోందని నా అనుమానం.

ఈ అనుమానం నాకు కలిగింది తిరుమలాయపాలెంలో. ఒక మిత్రుని ఇంట్లో కొందరం కథకులం కూర్చుని కొత్త కథలు చదువుకున్నాం. ఒక యువకుడు మిరప చేలల్లో పనిచేసే కూలీల మీద కథ చదివాడు. మిరపకాయ ఏరే కాలంలో ఛత్తీస్‌గఢ్ నుంచి భద్రాచలం అడవులు దాటి ఖమ్మం జిల్లా చేలల్లోకి కూలీలు రావడం ఇక్కడ అందరూ ఎరిగిన విషయమే. కథలో దోపిడీ ఉంది, ఆగ్రహం ఉంది, చివర బిగిసిన పిడికిలి కూడా ఉంది. కల్లం లేదు, తాలు కాయలు లేవు, కాంటా పట్టిన మనిషి లేడు, కూలి ఎంతో లేదు. ఇతను చేలో అడుగుపెట్టకుండానే రాశాడనుకున్నాను. పొరబడ్డాను. మూడు రోజులు వాళ్ళ మధ్యనే ఉన్నాడట. మరి ఏం చూశావని అడిగితే అప్పుడు చెప్పాడు. ఒక తల్లి పొద్దుగూకి గుడిసెకు వచ్చాక, చేతుల మంట తగ్గేదాకా చంటిపిల్ల ముఖం మీద చెయ్యి వెయ్యదట. పిల్ల ఏడిస్తే ఎత్తుకోమని పెద్దకూతుర్ని కేకేస్తుందట.

“ఇది కథలో ఎందుకు లేదు?” అన్నాను.

“అది చిన్న విషయం కదా సార్” అన్నాడు.

నోటుపుస్తకం తీసి చూపించాడు. ఆ రోజు పేజీలో ఉన్నది ఇంతే: “వలస కూలీల దుర్భర జీవితం. మాతృత్వం కూడా మార్కెట్టుకు బలి.” చూసినదాన్ని వదిలేసి, చూసినదాని మీద తన తీర్పును రాసుకున్నాడు. నెల తర్వాత కథకు కూర్చున్నప్పుడు అతని ముందున్నది ఆ తీర్పు ఒక్కటే. దాన్ని పట్టుకుని మనిషిని తయారుచేయబోయాడు. తయారైంది మూస.

అతణ్ణి తప్పుపట్టే అర్హత నాకు లేదు. చాలా ఏళ్ళ కిందట ఇదే ప్రాంతంలో ఒక వృద్ధురాలి దగ్గర సాయంత్రమంతా కూర్చున్నాను. సాయుధ పోరాటం నాటికి ఆమె చిన్నపిల్ల. వెట్టి గురించీ, ఊళ్ళోకి సైన్యం వచ్చిన రోజుల గురించీ చెప్పింది. ఆ పుస్తకం ఇప్పటికీ నా దగ్గరుంది. అందులో నా దస్తూరీతో ఉన్న మాటలు: “వెట్టి – ధాన్యం దోపిడీ – స్త్రీల పాత్ర – చాలా ఉద్వేగభరితం.” ఆమె సంవత్సరాలు చెప్పలేదు. ఏదో పంటతోనో, ఇంట్లో ఎవరో పోయినదానితోనో కాలాన్ని లెక్కకట్టింది. ఏ పంటో, ఎవరు పోయారో ఇప్పుడు నాకు తెలియదు. ఆమె లేదు. ఆ “ఉద్వేగభరితం” అన్న మాట చూసినప్పుడల్లా నాకు సిగ్గేస్తుంది. ఉద్వేగం నాది. ఆమె మాట ఒక్కటీ ఆ పేజీలో లేదు.

ఈ సందర్భంలో “కన్యాశుల్కం” చరిత్రను మళ్ళీ చూడాలి. 1897 నాటి తొలి కూర్పు పీఠికలో గురజాడ ఒక జాబితా సంగతి చెబుతారు. విజయనగరం మహారాజా వారు విశాఖ జిల్లాలో బ్రాహ్మణ కుటుంబాల్లో జరిగిన శుల్క వివాహాల పట్టిక తయారుచేయించారు. మూడేళ్ళలో 1034 పెళ్ళిళ్ళు. వధువుల్లో అయిదేళ్ళవాళ్ళు 99 మంది, నాలుగేళ్ళవాళ్ళు 44, మూడేళ్ళవాళ్ళు 36, రెండేళ్ళవాళ్ళు ఆరుగురు, ఏడాది పిల్లలు ముగ్గురు. “బాల్య వివాహాల దారుణం” అని ఒక వాక్యం రాసుకుంటే పోయేదానికి, ఇన్ని అంకెలు వయసులవారీగా పీఠికలోకి ఎక్కాయి. నాటకంలోకి వస్తే ఈ అంకెలు ఏ పాత్ర నోటా వినిపించవు. లుబ్ధావధాన్లుకు సుబ్బిని ఇవ్వడానికి అగ్నిహోత్రావధాన్లు కుదుర్చుకున్న పద్దెనిమిది వందలు మాత్రం ఇల్లంతా మోగుతాయి. పట్టికలోని ముక్క నాటకంలో ఒక ఇంటి జగడమైంది. పట్టిక ఒక్కటే ఈ పని చేసిందని నేననను. అది లేకుండా, సానుభూతి ఒక్కదానితోనే ఆ నాటకం వచ్చేదని మాత్రం నమ్మలేను.

ఇక్కడ నా వాదనకు ఎదురునిలిచే విషయం ఒకటుంది. దాచిపెట్టడం న్యాయం కాదు. గురజాడ డైరీలు చాలావరకు ఇంగ్లీషులో రాసుకున్నవి. మధురవాణి పలుకు, గిరీశం పలుకు ఆ డైరీ భాషలోంచి రాలేదు. అంటే విన్న మాటను విన్నట్టు కాగితం మీద పెట్టకుండానే ఆయన అంత నాటకం రాశారు. నిజమే. అయితే ఆయన ఆ మాటల మధ్యే బతికారు. నిన్న వినడం తప్పిపోతే ఇవాళ విజయనగరం వీధిలో మళ్ళీ వినగలరు. మనం బస్సెక్కి వెళ్ళి, మూడు రోజులుండి, బస్సెక్కి వచ్చేవాళ్ళం. ఆయన చెవికున్న వసతి మన చెవికి లేదు. లేనివాడికి కాగితమే గతి.

కాగితం మీద మాటను ఎలా పెట్టాలో మన రచయితల కంటే భాషాశాస్త్రజ్ఞులకే బాగా తెలుసు. భద్రిరాజు కృష్ణమూర్తి గారి సంపాదకత్వంలో 1962లో వచ్చిన మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం వ్యవసాయ పదాలది. రైతుల నోట విన్న మాటను అదే రూపంలో, ఏ ప్రాంతంలో పలుకుతారో కలిపి ఇచ్చారు. ఒకే పనిముట్టుకు జిల్లాకో పేరుంటే అన్ని పేర్లూ నిలబడ్డాయి. నాగలి భాగాల కోసం ఆ పుస్తకం తిరగేసిన కథకులు మనలో ఎందరున్నారో నాకు అనుమానమే. దాన్ని విద్యార్థులు పరీక్షకు చదివి వదిలేస్తారు. మనం అదీ చెయ్యం.

కాగితం కూడా దొరకని కాలం ఒకటుంది. తిరుమలాయపాలెం నుంచి మరిపెడ వైపు వెళితే చిన్నగూడూరు ఎంతో దూరం కాదు. దాశరథి పుట్టిన ఊరది. 1948లో నిజామాబాదు జైల్లో ఆయన బొగ్గుముక్కతో గోడ మీద పద్యాలు రాస్తే, తోటి ఖైదీ వట్టికోట ఆళ్వారుస్వామి వాటిని కంఠస్థం చేశారు. గోడను తుడిచినా పద్యం పోలేదు. 1949లో వచ్చిన “అగ్నిధార”ను దాశరథి ఆయనకే అంకితమిచ్చారు. ఈ ఉదంతాన్ని మనం సభల్లో వీరగాథగా చెప్పుకుంటాం. నేను చూసేది మరొకటి: రాసింది తనదొక్కడిదే అన్న భావం అక్కడ లేదు. ఒకరి గోడకు మరొకరి జ్ఞాపకం నకలు. అదే ఆళ్వారుస్వామి 1961లో మరణించేనాటికి తన రెండో నవల “గంగు” పూర్తికాలేదు. ఇతరుల పద్యాలు మోసిన జ్ఞాపకంలో తన నవల మిగతా భాగం ఎంత ఉండేదో! దాన్ని మోసేవారు పక్కన లేరు.

ఈ రోజుల్లో ఇదంతా ఎందుకు, ఫోనుంది కదా అంటారు. ఆ యువకుడి ఫోనులోనూ గంటల తరబడి మాటలున్నాయి. తిరిగి విన్నావా అంటే లేదన్నాడు. రికార్డయిందన్న ధైర్యంతో అప్పుడూ సరిగా వినలేదు, తర్వాతా వినలేదు. నా పాత పుస్తకం కంటే ఇది మెరుగే, ఆ మాటలు ఇంకా ఉన్నాయి గనక. కానీ ఎవరు, ఏ ఊరు, ఏ రోజు, ఏ పని మధ్యలో అన్నారో రాసిపెట్టకపోతే ఏడాది తర్వాత అవి అతనికే అపరిచితమైన గొంతులు.

ఆ సాయంత్రం అతనూ నేనూ కూర్చుని ఒక రికార్డు విన్నాం. మొదటి పావుగంట గాలి చప్పుడు, ఎవరో కుక్కను అదిలించడం. తర్వాత ఆ తల్లి గొంతు. సగం మాకు అర్థం కాని భాష, సగం తెలుగు. అతను తెలిసిన మాటలన్నీ ఒక్కొక్కటే రాసుకున్నాడు. తెలియని మాటల దగ్గర గీతలు గీసి ఖాళీ వదిలాడు. పేజీ పైన తేదీ వేశాడు, ఊరి పేరు వేశాడు. పేరు దగ్గర ఆగిపోయాడు. అడగలేదట.