టిక్కెట్టు కొన్న గాలం

ఇంగ్లండులో ఊరి చివర, పొలాల మధ్య చెరువు తవ్వి, అందులో చేపలు నింపి, గట్టుమీద టిక్కెట్లు అమ్మే వ్యాపారం ఒకటుంది. పొద్దున్నే డబ్బు కట్టినవాడికి ఒక చోటు చూపిస్తారు. ఆ చోటుని 'పెగ్గు' అంటారు. తాగేది కాదు లెండి, కూర్చునేది. అక్కడ సాయంత్రందాకా గాలం వేసుకోవచ్చు. చేప పడిందా, దాన్ని మెత్తటి పరుపుమీద పడుకోబెట్టి, కొక్కెం తీసి, తూచి, ఫొటో తీసుకుని, మళ్ళీ నీళ్ళలో వదిలెయ్యాలి. చాలా చోట్ల అదే నియమం. పులుసు ప్రసక్తి లేదు.

"డబ్బూ పోయె, చేపా పోయె, ఇంతకీ ఆ మానవుడికి దక్కిందేమిటి?" అని మన గోదావరి గట్టున ఏ ఇల్లాలైనా అడిగిందనుకోండి. ఆ ప్రశ్నకి నాకు తెలిసిన మంచి జవాబు ఒక నవలలో ఉంది.

జార్జి ఆర్వెల్ అనగానే మనకి 'యానిమల్ ఫామ్', '1984' గుర్తుకొస్తాయి. ఆ రెండిటికీ ముందు, 1939లో, 'కమింగ్ అప్ ఫర్ ఎయిర్' అనే ఆయన నవల వెలువడింది. ఊపిరి పీల్చుకోవడానికి నీటిపైకి రావడం అని ఆ పేరుకి అర్థం. రాబోయే యుద్ధాన్ని ముందే పసిగట్టిన నవలగా దాన్ని చదవడం మామూలు. అదీ నిజమే. కాని నన్నడిగితే అది ముందుగా గాలం నవల. ఇంకా సరిగ్గా చెప్పాలంటే, గాలం వెయ్యాలనుకుని వెయ్యలేకపోయినవాడి నవల.

కథానాయకుడు జార్జి బౌలింగ్. నలభై అయిదేళ్ళ వయసు, బొజ్జ, కొత్తగా కట్టించుకున్న పళ్ళు, ఇన్సూరెన్సు ఉద్యోగం, ప్రతి పెన్నీకీ బెంగపడే భార్య హిల్డా. చిన్నప్పుడితనికి చేపలంటే పిచ్చి. బిన్‌ఫీల్డ్ హౌస్ అనే జమీందారీ బంగళా తోటలో, చెట్ల వెనక, ఎవరూ పట్టించుకోని మడుగొకటి కంటపడుతుంది. అందులో బ్రహ్మాండమైన కార్ప్ చేపలు. మన చెరువుల్లో బంగారుతీగ అంటామే, ఆ జాతి. తన దగ్గరున్న దారం ఆ చేపల బరువుకి ఆగదు. గట్టి దారం సంపాదించి మళ్ళీ వద్దామనుకుంటాడు. అంతే. మళ్ళీ వెళ్ళనే లేదు. కొట్లో ఉద్యోగమొచ్చింది. ఆడపిల్లల ధ్యాసొచ్చింది. 1914 యుద్ధమొచ్చింది. ఆ యుద్ధంలోనే, ఫ్రాన్సులో, ఇంకో మడుగు కనిపిస్తుంది. స్నేహితుడితో కలిసి అన్నీ సిద్ధం చేసుకునేలోగా పటాలాన్ని వేరే చోటికి తరలిస్తారు.

దీన్నంతా ఆర్వెల్ ఏడుస్తూ చెప్పలేదు. అదే ఆయన గొప్పతనం. యుద్ధాన్ని మినహాయిస్తే అడ్డొచ్చినవన్నీ మామూలు పనులే. కథలో విలనంటూ లేడు. "ఇవాళ కాదులే, ఇంకోసారి చూద్దాం" అనే మాటే విలన్. ఆ మాట అననివాళ్ళు మనలో ఎవరున్నారు?

చివరికి గుర్రప్పందెంలో గెలిచిన 17 పౌన్లు ఇంట్లో తెలియకుండా దాచి, అబద్ధమాడి, చిన్ననాటి ఊరు వెళతాడు బౌలింగ్. కొత్త గాలమూ కొంటాడు. తీరా చూస్తే థేమ్సు ఒడ్డు తిరనాళ్ళలా ఉంది. ఇక ఆ వెనక మడుగులో నీళ్ళు తోడేసి చెత్త పోస్తున్నారు. ఎక్కడ చూసినా డబ్బా రేకులు. ఆ పేజీ చదివి గుండె కలుక్కుమననివాళ్ళుండరు.

అయితే ఇక్కడే ఆర్వెల్‌తో నాకో పేచీ ఉంది. థేమ్సు ఒడ్డున చేరిన ఆ జనమెవరు? ఒక్కపూట ఊపిరి పీల్చుకోవడానికొచ్చిన మరికొందరు బౌలింగ్‌లే కదా! వాళ్ళని గుంపుగా చూపించి చిరాకుపడ్డాడే గాని, ఒక్కడి కథా మనకి దక్కనివ్వలేదు. చెప్పేవాడు బౌలింగ్ కాబట్టి ఆ చిరాకూ అతనిదే అని సమర్థించవచ్చు. అయినా, నాకు కావలసిన తీరిక పక్కవాడికెందుకు అన్నట్టుంటుంది ఆ ధోరణి.

రెండో సంగతి. ఆ మడుగు ఏనాడూ అందరిదీ కాదు. కాపలా ముసలాయన దయతలిచి తోటలోకి రానిచ్చాడు గనక ఈ కుర్రవాడికి కనబడింది. ఆ దయ దక్కని కుర్రాళ్ళ మాటేమిటి? మనదగ్గర మాత్రం? ఎన్నో ఊళ్ళలో చెరువు చేపల హక్కు వేలంలో పాడుకున్నవాడిదో, సొసైటీదో అవుతుంది. గాలం పట్టుకుని గట్టెక్కిన కుర్రాణ్ణి కాపలావాడు అదిలిస్తాడు. టిక్కెట్టు చెరువుని వెక్కిరించేముందు ఇది గుర్తుంచుకోవాలి. అక్కడ ఎవరి దయా అక్కర్లేదు. డబ్బు కట్టిన గుమాస్తా ఆ పూటకి దొర. డబ్బు లేనివాడి సంగతి వేరు. వాడికి జమీందారు గేటైనా, టిక్కెట్టు గేటైనా ఒకటే.

మరైతే బౌలింగ్ జబ్బుకి టిక్కెట్టు చెరువు మందా? సగం మందే. పీటర్‌బరో దగ్గర బ్లూబెల్ లేక్స్ అని డబ్బు కట్టి చేపలు పట్టే చెరువులున్నాయి. అక్కడ బెన్సన్ అనే కార్ప్ ఉండేది. ఒక దశలో 64 పౌండ్లు తూగింది. 2009లో చచ్చిపోయేలోగా అరవైసార్లకు పైగా గాలానికి చిక్కింది. పోయినప్పుడు పత్రికల్లో పెద్ద వార్త! దాన్ని పట్టినవాళ్ళ సంతోషాన్ని నేను కాదనను. కాని పేరూ, బరువూ, ఫొటోలూ అన్నీ ముందే తెలిసిన చేప అది. బౌలింగ్ చేప ఒక్కసారీ దొరకలేదు. దాని బరువెంతో ఎవరూ తూచలేదు. అందుకే ముప్ఫై ఏళ్ళు దాటినా అతని మనసులో ఈదుతూనే ఉంది. చెరువు యజమాని చేపల్ని నింపగలడు, గట్టున నీడ ఇవ్వగలడు. నీళ్ళ అడుగున ఏముందో తెలియని ఆ దడని టిక్కెట్టుకి జతచేసి ఇవ్వడం మాత్రం అతని తరం కాదు.

ఇప్పుడు మన ఇల్లాలికి జవాబు. అమ్మా, అతనికి దక్కింది ఒక రోజు. ఎవరూ పని చెప్పని రోజు, బెండు కదులుతుందా లేదా అన్నది తప్ప వేరే బెంగ లేని రోజు. బౌలింగ్ నవలంతా వెతికినా ఆ ఒక్కరోజు దొరకలేదు. పైగా ఇంటికొచ్చాక, బర్మింగ్‌హామ్‌ వెళ్ళానన్న అబద్ధం బయటపడి హిల్డా చేతికి చిక్కాడు. ఆడమనిషి సంగతేనని ఆమె అనుమానం. చేపలకోసం వెళ్ళానంటే నమ్ముతుందా? అదే ఏ టిక్కెట్టు చెరువుకో వెళ్ళి ఉంటే, పాపం, చూపించడానికి కనీసం ఒక రసీదన్నా ఉండేది.