అంతస్తుల బడి: క్లాంగోస్ వుడ్ ఆశయం, జాయిస్ నవల

జేమ్స్ జాయిస్ రచించిన 'ఎ పోర్ట్రెయిట్ ఆఫ్ ది ఆర్టిస్ట్ యాజ్ ఎ యంగ్ మ్యాన్' (1916) నవలను మతసంస్థపై వ్యక్తి చేసిన తిరుగుబాటుగా చదవడం విమర్శలో స్థిరపడిన పద్ధతి. ఆ పఠనం తప్పు కాదు, అసంపూర్ణం. కథానాయకుడు స్టీఫెన్ డెడలస్ చదివిన తొలి పాఠశాల ఏ అవసరం కొద్దీ పుట్టింది, ఎవరి పిల్లల కోసం పుట్టింది అన్న ప్రశ్నలు అందులో వెనుకబడిపోతాయి. వాటిని ముందుకు తెచ్చి చదివితే, స్టీఫెన్ విశ్వాసాన్ని వదిలినా ఆ బడి నేర్పిన అంతస్తుల స్పృహను వదలలేదని తెలుస్తుంది.

ఆ పాఠశాల ఐర్లండులోని కిల్డేర్ కౌంటీలో ఉన్న క్లాంగోస్ వుడ్. 1814లో పీటర్ కెన్నీ అనే జెస్యూట్ గురువు వోగన్ బ్రౌన్ కుటుంబం వారి కోటను కొని దానిని స్థాపించాడు. తెలుగువారికి విజయవాడలోని ఆంధ్ర లయోలా కళాశాల ద్వారా పరిచితమైన యేసు సభే ఇది. 1773లో పోపు రద్దు చేసిన ఈ సభను ప్రపంచమంతటా పునరుద్ధరించిన సంవత్సరం కూడా 1814 కావడం గమనార్హం. 1695 నాటి చట్టం ఐర్లండులో కాథలిక్కులు బడి నడపడాన్ని నిషేధించింది. 1782లో ఆ నిషేధం సడలేవరకు, సడలిన తరువాత కూడా కొంతకాలం, స్తోమత గల కుటుంబాలు కుమారులను ఐరోపా ఖండానికి పంపి చదివించుకునేవి. డేనియల్ ఓకానెల్ ఫ్రాన్సులో చదవడం అందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ. స్వదేశంలోనే, పాలకవర్గపు పిల్లలకు తీసిపోని కాథలిక్ పెద్దమనుషులను తయారు చేయాలన్నది క్లాంగోస్ ఆశయం. నిషేధానికి గురైన సమాజం తన గౌరవాన్ని తిరిగి నిలుపుకోవడం అందులో ఒక ముఖమైతే, ఆ గౌరవాన్ని రుసుము చెల్లించగలవారికే పరిమితం చేయడం రెండవ ముఖం.

దీనికి పన్నెండేళ్ల ముందు, 1802లో, వాటర్‌ఫర్డ్‌లో ఎడ్మండ్ రైస్ అనే వర్తకుడు పేద బాలుర కోసం బడి తెరిచాడు. క్రిస్టియన్ బ్రదర్స్ సంఘానికి అదే మూలం. మతం ఒకటే, అణచివేత ఒకటే, రెండూ మగపిల్లల బడులే. అయినా ఒకటి కోటలోను, మరొకటి వీధిలోను పుట్టాయి. 'పోర్ట్రెయిట్' లోపలి ఉద్రిక్తతకు ఈ దూరమే ఆధారమని నా అభిప్రాయం.

నవల మొదటి ప్రకరణంలోనే ఒక సహపాఠి స్టీఫెన్‌ను అతని తండ్రి ఏమి చేస్తాడని అడుగుతాడు. పెద్దమనిషి అని పిల్లవాడు బదులిస్తాడు. మేజిస్ట్రేటా అన్నది వెంటనే వచ్చే ప్రశ్న. ఆరేళ్ల పసివాడికి ఇది ప్రవేశపరీక్ష వంటిది.

కళ్లద్దాలు పగిలి రాయలేకపోయిన స్టీఫెన్‌ను చదువుల పర్యవేక్షకుడు ఫాదర్ డోలన్ సోమరిగా ముద్రవేసి అరచేతులపై తోలుపట్టీతో కొట్టే ఘట్టం సుప్రసిద్ధం. విమర్శకులు సాధారణంగా దెబ్బల వద్దనే ఆగుతారు. పిల్లవాడు రెక్టారు వద్దకు వెళ్లడానికి ధైర్యం ఎక్కడి నుండి వచ్చిందన్నది అంతకన్నా విలువైన ప్రశ్న. రోము నగరపు సెనేటూ ప్రజలూ తనకు అన్యాయం జరిగిందని ప్రకటించినట్లు అతడు ఊహించుకుంటాడు. 1599 నాటి జెస్యూట్ విద్యాప్రణాళిక నుండి సంక్రమించిన ప్రాచీన రోమక విద్యే, ఆ బడి అధికారిని ప్రశ్నించే భాషను అతనికి ఇచ్చింది. అదే తరగతిలో దెబ్బలు తిన్న ఫ్లెమింగ్ పక్షాన మాత్రం ఎవరూ రెక్టారు గది తలుపు తట్టరు.

రెండవ ప్రకరణంలో ఈ ఘట్టం తలకిందులవుతుంది. ఆర్థికంగా చితికిపోయిన తండ్రి సైమన్, కొడుకును క్రిస్టియన్ బ్రదర్స్ బడికి పంపడమనే ఆలోచనను ఛీకొడతాడు. ఆ పేదపిల్లలను వెక్కిరించి, జెస్యూట్లే రేపు ఉద్యోగానికి అక్కరకు వస్తారంటాడు. ఆ ఊపులోనే, కొడుకు చేసిన ఫిర్యాదు గురించి రెక్టారు, డోలన్ భోజనాల బల్ల వద్ద కడుపుబ్బ నవ్వుకున్నారని మురిపెంగా చెబుతాడు. న్యాయం పొందానన్న పసివాడి నమ్మకం పెద్దల వినోదంగా మారిన ఈ క్షణంలో స్టీఫెన్ ఏమి అనుకున్నాడో జాయిస్ చెప్పడు. నవలలో అతి కఠినమైన వాక్యాలు నరకవర్ణనలో కాక, ఇక్కడే ఉన్నాయనిపిస్తుంది. ఆ నరక ప్రసంగాలపై వ్యాఖ్యానం ఇప్పటికే కావలసినంత ఉంది గనుక వాటి జోలికి పోవడం లేదు.

జాయిస్ జీవితం మరొక కోణాన్ని చూపుతుంది. 1888లో క్లాంగోస్‌లో చేరిన అతడు 1891లో తండ్రి రుసుము కట్టలేక బయటకు వచ్చాడు. 1893లో డబ్లిన్‌లోని జెస్యూట్ పాఠశాల బెల్వెడేర్‌లో ఉచితంగా చేరేముందు, కొద్దికాలం క్రిస్టియన్ బ్రదర్స్ బడిలోనే చదివాడు. స్వీయానుభవాన్ని అంత విస్తారంగా వాడుకున్న రచయిత ఈ ముక్కను నవలలోకి రానివ్వలేదు. కథనపు పొదుపు కోసమే వదిలాడనే వాదన చెల్లకపోదు. కాని వదిలిన ఆ బ్రదర్స్ నవలలోకి మరొక దారిన వస్తారు.

నాలుగవ ప్రకరణంలో, గురుత్వాన్ని కాదనుకున్న స్టీఫెన్ సముద్రపు ఒడ్డుకు వెళుతూ చెక్కవంతెన దాటుతాడు. ఎదురుగా క్రిస్టియన్ బ్రదర్స్ ఇద్దరిద్దరుగా నడిచి వస్తారు. వారి మోటు ముఖాలు చూసి అతనికి సిగ్గు, జాలి కలుగుతాయి. తనపై తనకే కోపం వస్తుంది. వారి వినయభక్తి తన భక్తికన్నా గొప్పదని సర్దిచెప్పుకోబోతాడు, కుదరదు. చూపు తప్పించుకోవడానికి వంతెన కింది నీటివైపు తల వంచుతాడు. ఆ నీటిలోను వారి టోపీల నీడలే కనిపిస్తాయి. కళాకారుడిగా అతనికి పిలుపు అందేది ఆ వంతెన దాటిన తరువాతనే.