ఎత్తూ పల్లమూ లేని నలభై రెండు కిలోమీటర్లు

మారథాన్ పరిగెత్తేవాళ్ళ మధ్య తరచూ వినిపించే మాట ఒకటుంది: "దారంతా చదునే, ఈసారి మంచి టైమ్ వస్తుంది." ప్రపంచ రికార్డులు చూస్తే ఈ మాట అబద్ధం కాదు. 2022లో ఎలియుడ్ కిప్చోగే 2 గంటల 1 నిమిషం 9 సెకన్లలో పూర్తిచేసిన బెర్లిన్ చదునైన ఊరు. మరుసటి ఏడాది కెల్విన్ కిప్టమ్ ఆ రికార్డును 2 గంటల 35 సెకన్లకు దించిన షికాగో కూడా చదునే. కానీ ఉద్యోగం చేసుకుంటూ, తెల్లవారుజామున దొరికిన గంటలో సాధన చేసి, ఐదు గంటల లోపు గమ్యం చేరితే చాలనుకునే మాలాంటివాళ్ళకి చదును దారి అంత సుఖమైనదేమీ కాదు. కొండ దారి కంటే ఎక్కువ నిగ్రహం అడుగుతుంది. ముంబై పక్కనున్న వసై-విరార్ మారథాన్‌లో పరిగెత్తాక నాకు ఈ సంగతి కాళ్ళకే తెలిసింది.

ముంబైలో గ్రాంట్ రోడ్, కామాఠీపుర వైపు ఉండే మాలాంటివాళ్ళకి మారథాన్ అంటే జనవరి మూడో ఆదివారం జరిగే ముంబై మారథానే. 2004లో మొదలైంది. సీఎస్‌ఎంటీ దగ్గర బయల్దేరి మెరైన్ డ్రైవ్, హాజీ అలీ, సీ లింక్ మీదుగా వెళ్ళి తిరిగొస్తుంది. మా గల్లీల నుంచి నడిచి వెళ్ళి చూసి రాగలిగేంత దగ్గర. ఆ దారిలో అందరూ భయపడేది పెడ్డర్ రోడ్ ఎత్తుకి. తిరుగు దారిలో, ముప్పై అయిదు కిలోమీటర్లు దాటి ఒళ్ళు హూనమైన వేళ అది ఎదురవుతుంది. హైదరాబాద్ మారథాన్ పరిగెత్తినవాళ్ళైతే ఫ్లైఓవర్ల కథలు చెబుతారు. ఈ రెంటి ముందు వసై-విరార్ మునిసిపల్ కార్పొరేషన్ 2011లో మొదలుపెట్టి, ఇప్పుడు డిసెంబరులో జరుపుతున్న పరుగు చిన్నది. పెద్ద ఎత్తుపల్లాలు లేవు. ఫుల్ మారథాన్ విరార్ పడమర వైపు న్యూ వివా కాలేజీ దగ్గర మొదలవుతుంది. అందుకే మొదటిసారి నలభై రెండు కిలోమీటర్లకి సిద్ధపడేవాళ్ళకి అనుభవమున్నవాళ్ళు దీన్నే చూపిస్తారు.

ఎత్తు వస్తే దారే మనల్ని ఆపుతుంది. ఊపిరి బరువెక్కుతుంది, అడుగు చిన్నదవుతుంది, వద్దన్నా వేగం తగ్గుతుంది. దిగేటప్పుడు పని వేరే కండరాల మీద పడుతుంది, ఎక్కేటప్పుడు అలిసినవి కాస్త తెరిపిన పడతాయి. చదును మీద ఈ మార్పిడి లేదు. నిమిషానికి 160 అడుగులు వేసే మనిషి 4 గంటల 55 నిమిషాల్లో 47 వేలకు పైగా అడుగులు వేస్తాడు, అన్నీ ఒకే కొలతలో, ఒకే కండరం మీద, ఒకే కీలు మీద. ఇరవై కిలోమీటర్ల దాకా ఏమీ తెలియదు. ఆ తర్వాత తొడ వెనక ఒక చిన్న బిగువు మొదలై ఇక వదలదు.

దీనికి తోడు రోడ్డు వాలు ఉంది. పేరుకి చదునే అయినా, వాన నీళ్ళు పక్కకి జారడానికి రోడ్డుని మధ్యలో కొంచెం ఎత్తుగా, అంచుల్లో పల్లంగా వేస్తారు. జనం చేతులు చాపుతారని, నీడ ఉందని ఎడమ అంచునే పట్టుకుని గంటలకొద్దీ పరిగెత్తితే ఒక కాలు ఎప్పుడూ పల్లంలో పడుతుంది. మోకాలి బయటి వైపు నొప్పితో ఆగిపోయినవాళ్ళలో చాలామంది ఈ అంచు మనుషులే అని నా నమ్మకం. దారి ఖాళీగా ఉన్నచోట నడిమికి రావాలి. మలుపుల దగ్గర మాత్రం లోపలి వైపు ఉండాలి. మారథాన్ దారిని మనిషి పరిగెత్తగల అతి దగ్గరి గీత మీద కొలుస్తారు కాబట్టి, ప్రతి మలుపులోనూ బయటి నుంచి తిరిగేవాళ్ళు 42.195 కిలోమీటర్లకి తోడు ఇంకో మూడు నాలుగు వందల మీటర్లు అదనంగా పరిగెడతారు. చిన్న మారథాన్‌లో గుంపు పలచన కాబట్టి ఆ గీత మన కళ్ళ ముందు ఖాళీగా దొరుకుతుంది. పెద్ద పరుగుల్లో ఈ భాగ్యం ఉండదు.

కానీ చదును దారిలో అసలు ప్రమాదం మొదటి పది కిలోమీటర్లే. చీకటి, డిసెంబరు చల్లదనం, నెలల తరబడి సాధన చేసి తాజాగా ఉన్న కాళ్ళు, చుట్టూ మనల్ని దాటుకుపోతున్న జనం. ఆపే ఎత్తు ఒక్కటీ లేదు. కిలోమీటరుకి ఏడు నిమిషాలు అనుకుని వచ్చినవాడు (అలా వెళితే 4 గంటల 55 నిమిషాలకి ముగుస్తుంది) ఆరున్నరకి వెళుతూ కూడా హాయిగా కబుర్లు చెప్పగలడు. పది కిలోమీటర్లకి అయిదు నిమిషాలు మిగిలాయని సంతోషిస్తాడు. ఆ సంతోషానికి వెల ముప్పయ్యో కిలోమీటరు దగ్గర కట్టాలి. ఒంట్లో దాచుకున్న గ్లైకోజెన్ సుమారు రెండు వేల కేలరీలు. కిలో బరువుకి, కిలోమీటరుకి ఒక కేలరీ ఖర్చు అనుకుంటే, 65 కిలోల మనిషికి అది ముప్పై కిలోమీటర్లు వస్తుంది. కొవ్వు కూడా తోడవుతుంది కానీ అది నిదానంగా కరిగే ఇంధనం, వేగం పెరిగేకొద్దీ భారమంతా గ్లైకోజెన్ మీదే పడుతుంది. పొద్దున మిగిల్చిన అయిదు నిమిషాలకి ఆఖరి పన్నెండు కిలోమీటర్లలో ఇరవై అయిదు నిమిషాలు పోగొట్టుకున్నవాళ్ళని ఎందరినో చూశాను.

ఇందుకే మన దేశంలో పరుగువాళ్ళు "బస్సు" ఎక్కుతారు. చేతిలో జెండా పట్టుకుని, దాని మీద రాసిన టైమ్‌కి సరిగ్గా చేర్చే పేసర్ వెనకాల పరిగెత్తే గుంపుని బస్సు అంటారు. మంచి పేసర్ మొదటి గంటలో ఎవరినీ ముందుకు పోనివ్వడు, నీళ్ళు తాగమని, ఎలక్ట్రాల్ కలుపుకొమ్మని గుర్తుచేస్తాడు, ఊపిరి ఆడనంతగా ఎవరైనా రొప్పుతుంటే పక్కకి వచ్చి పరిగెడతాడు. తన టైమ్ వదులుకుని ముక్కూమొహం తెలియనివాళ్ళని చేర్చడానికి వచ్చే ఆ మనుషుల మీద నాకు గొప్ప గౌరవం. కానీ చిన్న మారథాన్‌లో పాతిక కిలోమీటర్లు దాటేసరికి బస్సు చెదిరిపోతుంది. హాఫ్ మారథాన్‌వాళ్ళ సందడి ఎక్కడో వెనకబడుతుంది. ముందు ఒకడు, వెనక ఒకడు, మధ్యలో ఎండ. అక్కడ మనిషికి తన లెక్క తనదే.

పరుగుకి ముందు రోజు సాయంత్రమే మేం విరార్ చేరుకుంటాం. గ్రాంట్ రోడ్‌లో ఆగేవి స్లో లోకల్స్ కాబట్టి ముంబై సెంట్రల్ దాకా నడిచి విరార్ ఫాస్ట్ పట్టుకుంటాం. పరుగు ముందు రోజు రెండు కాళ్ళ మీద గంటకు పైగా నిలబడ్డం మంచిది కాదు, అయినా వేరే దారి లేదు. ఉండడానికి హోటల్ అక్కర్లేదు. మా గల్లీల నుంచి ఖోలీలు (ఒంటిగది ఇళ్ళు) ఖాళీ చేసి నాలాసోపారా, విరార్ వెళ్ళిపోయిన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. పిల్లలు పెద్దవాళ్ళై పది బై పన్నెండు ఖోలీ చాలక, పగడీ (పాత పద్ధతి అద్దె హక్కు) ఇల్లు వదులుకుని, వచ్చిన డబ్బుతో అక్కడ రెండు గదులు కొనుక్కున్నవాళ్ళు. నేను పడుకునేది అలాంటి ఒక పెద్దమ్మ ఇంట్లో. కామాఠీపురలో ఉన్నన్నాళ్ళూ గుమ్మం ముందు చాట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుట్టింది. రాత్రి అన్నం, పెసరపప్పు వడ్డిస్తూ, పొద్దున ఎంత దూరమని అడిగింది. చెప్పాను. మొదట ఎంత గట్టిగా ఉరుకుతావని అడిగింది. మొదట నెమ్మదిగానే వెళ్ళాలి పెద్దమ్మా అన్నాను.

"అగో, అదే గద," అంది. "పొద్దుగాల ఉర్కులాడి చుట్టినోళ్ళకి మాపటికి వేళ్ళు కొంకర్లు పోతయ్ బిడ్డా. వెయ్యి చుట్టాలంటే మొదటి కట్ట ఎట్ల చుట్టినమో ఆఖరి కట్ట గూడ అట్లనే చుట్టాలె."

కట్టకి పాతిక, నలభై కట్టలైతే వెయ్యి. కూలి లెక్క కట్టేది వెయ్యికే. మూడు వందల దగ్గర చేతులెత్తేస్తే ఆ రోజు కూలి లేదు. మారథాన్ సాధన మీద నేను చదివిన పుస్తకాలన్నీ చెప్పిన సంగతిని ఈవిడ తునికాకు కత్తిరిస్తూ బతుకంతా ఆచరించింది. నలభై రెండు కిలోమీటర్లని కిలోమీటర్ల కట్టలుగా విడగొట్టి, ప్రతి కట్టనీ ఏడు నిమిషాలకి ముడి వేయడం తప్ప చదును దారిలో వేరే విద్య లేదు.

మరునాడు రోడ్డు పక్కన జనాన్ని చూస్తే, ఈ పరుగుని చిన్నది అనడానికి నోరు రాలేదు. వసై వైపు పాత చర్చీలు, అరటి తోటలు, కుదురైన ఊళ్ళు. ఇళ్ళ ముందు స్టూళ్ళు వేసుకుని నారింజ తొనలు, అరటిపండు ముక్కలు, చిక్కీలు పట్టుకుని నిలబడ్డ కుటుంబాలు. స్కూలు పిల్లలు చేతులు చాపి "పుఢే చలా, పుఢే చలా" (ముందుకు పదండి) అని అరుస్తున్నారు. వీళ్ళని డబ్బిచ్చి పిలిపించిన వాళ్ళెవరూ లేరు. తమ ఊరికి పరుగు వచ్చిందని వచ్చారు. నాలాసోపారా దగ్గర ఒక గుంపులోంచి "అన్నా, ఆగకు, ఆగితే కాళ్ళు పట్టేస్తయ్" అని తెలుగులో కేక వినపడితే తల తిప్పి చూశాను. ఒకప్పుడు మా గల్లీలో గోటీలాడిన పిల్లలు, ఇప్పుడు తమ పిల్లల్ని భుజాన వేసుకుని నిలబడ్డారు. కామాఠీపురలో ఇప్పుడు ఎదురుపడని మొహాలు అన్నీ ఒక్క రోడ్డు మీద కనిపించాయి.

నేల చదును గురించి ఇంకో సంగతి ఉంది. మా గల్లీలున్న చోటు పుట్టుకతో చదును కాదు. మహాలక్ష్మికీ వర్లీకీ మధ్య గండిలోంచి సముద్రం ఆటుపోట్లకి లోపలికి వచ్చి, నగరం నడిబొడ్డున పెద్ద చిత్తడి ఉండేది. ఆంగ్లేయుల కాలంలో ఆ పల్లపు నేలని "ఫ్లాట్స్" అనేవారు. 18వ శతాబ్దం చివర, గవర్నర్ హార్న్‌బీ కాలంలో తలపెట్టిన కట్ట, హార్న్‌బీ వెలార్డ్, ఆ గండిని మూసింది. తర్వాత మట్టి పోసి నేల లేపారు. అలా ఆరిన నేల మీద, నిజాం రాజ్యం నుంచి కట్టుబడి పనులకి వచ్చిన మన కామాఠీలు గుడిసెలు వేసుకున్నారు. ఆ పేటకి కామాఠీపుర అని వాళ్ళ పేరే నిలిచింది. ముంబై మారథాన్ ఇప్పటికీ హాజీ అలీ దగ్గర ఆ పాత కట్ట మీదుగానే వెళుతుంది. నేను సాధన చేసే మహాలక్ష్మి రేస్‌కోర్స్ కూడా ఆ ఫ్లాట్స్ మీదే ఉంది. భారీ వాన పడ్డ రోజున నాగ్‌పాడా, ముంబై సెంట్రల్ చుట్టూ మోకాలి లోతు నీళ్ళు నిలిస్తే ఆ నేల తన పాత సంగతి చెబుతుంది. నెత్తిన తట్టలు మోసినవాళ్ళ మునిమనవలం ఆ చదును మీద ఆరోగ్యం కోసం పరిగెత్తగలుగుతున్నాం. ఈ తలపు వచ్చిన రోజున నాకు అడుగు తేలిక కాదు, బరువే అవుతుంది. అయినా పరిగెత్తాలనిపిస్తుంది.

ఇక కోరిక ఒకటి చెప్పాలి. మన తెలుగు సంఘాలు బతుకమ్మకీ బోనాలకీ ఉత్సాహంగా చందాలు వేస్తాయి, వేయాలి కూడా. అందులో కొంత పిల్లల బూట్లకీ ఎంట్రీ ఫీజుకీ తీస్తే బాగుంటుంది. గల్లీల్లో పరిగెత్తగల కాళ్ళున్న పిల్లలకి లోటు లేదు. 1978లో జలంధర్‌లో 2 గంటల 12 నిమిషాల్లో మారథాన్ ముగించి, దశాబ్దాల పాటు ఎవరూ అందుకోలేని జాతీయ రికార్డు నెలకొల్పిన శివ్‌నాథ్ సింగ్ చాలా పోటీలు వట్టి కాళ్ళతో పరిగెత్తినవాడు. సిమెంటు రోడ్ల మీద మన పిల్లలని అలా పరిగెత్తమనలేం. రోడ్డుకి సరిపడే ఒక జత బూట్లకి ఇంట్లో సగం నెల కిరాణా ఖర్చవుతుంది. అక్కడే చాలామంది ఆగిపోతున్నారు.

ఈసారి వసై-విరార్‌కి మా గల్లీ నుంచి కొందరు ఆడపిల్లలు పేర్లు ఇచ్చారు. ఫుల్ కాదు, పొట్టి పరుగుకే. వానలు తగ్గగానే మొదలుపెడతాం. తెల్లవారుజామున అందరూ కలిసి బయల్దేరి, తార్‌దేవ్ మీదుగా రేస్‌కోర్స్‌కి నడక. మొదటి నెల అక్కడ నడకా పరుగూ కలిపి రెండు రౌండ్లు, రెండో నెల నుంచి పరుగు. గడియారం మొదటి నెల ఎవరికీ ఇవ్వను. పక్కన పరిగెడుతున్న పిల్లతో ఆగకుండా మాట్లాడగలిగేదే వాళ్ళ వేగం. డిసెంబరులో పరుగు ముందు శనివారం రాత్రి అందరికీ పెద్దమ్మ ఇంట్లోనే పడక. గది చాలకపోతే ఎదురింటివాళ్ళూ తలుపు తీస్తామన్నారు.