గాలిని పంచుకునే విద్య

శంషాబాద్ విమానాశ్రయం రన్‌వేలు తూర్పు పడమరలుగా సాగుతాయి. విమానం దిగేది గాలికి ఎదురుగానే కాబట్టి, ఆషాఢంలో పడమటి గాలులు వీచే రోజుల్లో విమానాలు తూర్పు నుంచి వచ్చి వాలతాయి. తెల్లవారుజామున 44వ నంబరు జాతీయ రహదారి మీద షాద్‌నగర్ వైపు బయల్దేరిన సైక్లిస్టు వాటిని చూసే చెప్పగలడు, ఇవాళ కుడివైపు నుంచి పక్కగాలి కొడుతుందని.

రోడ్డు సైక్లింగ్‌లో అసలు ప్రత్యర్థి గాలే. చదును రోడ్డు మీద గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పోయేవారి బలంలో ఎక్కువ భాగం గాలిని తోసుకుపోవడానికే ఖర్చవుతుంది. ముందు సైకిలు చక్రానికి అడుగు రెండడుగుల దూరంలో వెనకే తొక్కితే ఆ శ్రమలో సుమారు మూడో వంతు మిగులుతుంది. ఇదే డ్రాఫ్టింగ్. ముందున్నవారు కాసేపు గాలిని కాచి, పక్కకు తప్పుకుని, వరస చివరికి చేరతారు. పల్లకీ బోయీలు భుజం మార్చుకున్నట్టు తర్వాతివారు ముందుకొస్తారు. ముందుకొచ్చినవారు ఉత్సాహంతో వేగం పెంచితే వరస తెగుతుంది, హఠాత్తుగా బ్రేకు వేస్తే అందరూ పడతారు. వెనకవారికి రోడ్డు కనబడదు కాబట్టి గుంతను చేత్తో చూపడం ముందున్నవారి బాధ్యత.

పక్కగాలిలో లెక్క మారుతుంది. గాలి కుడినుంచి కొడితే ముందున్నవారి గాలి చాటు ఎడమ వెనక పడుతుంది. అందుకే రేసుల్లో వరస ఏటవాలుగా, రోడ్డు వెడల్పంతా పరుచుకుంటుంది. ఆ వెడల్పులో చోటు దొరకనివారు అంచున ఒంటరిగా గాలి తిని వెనకబడతారు. షాద్‌నగర్ దారిలో అలా పరుచుకోవాలంటే ముందున్న మనిషి లారీల దారిలోకి జరగాలి. అందుకే ఇక్కడ బుద్ధిమంతులు గాలికి ఓర్చుకుని ఒంటి వరసలోనే పోతారు.

ఈ విద్య పూర్తి రూపం చూడాలంటే ఇటలీ క్రీడాకారిణి ఎలీసా లోంగో బోర్గీనీ విజయాలు చూడాలి. 2015లో ఫ్లాండర్స్ రేసునూ, 2022లో పారీ-రూబే రేసునూ ఆమె ఒంటరిగా దూసుకెళ్లి గెలిచింది. కానీ రెండుసార్లూ ఆమెను తరిమిన గుంపులో ఆమె జట్టువారున్నారు. వారు ముందుకొచ్చి గాలి కాయనక్కర్లేదు. తరిమే పని పరాయి జట్లదే. అలా దాచుకున్న బలంతో యోలియన్ డోర్ ఫ్లాండర్స్‌లో రెండో స్థానం, లుసిండా బ్రాండ్ రూబేలో మూడో స్థానం తెచ్చుకున్నారు. 2024లో లోంగో బోర్గీనీ ఎనిమిది దశల ఇటలీ యాత్రారేసు ‘జీరో డిటాలియా’ను మొదటి రోజు నుంచీ ఆధిక్యం నిలుపుకుని గెలిచింది. చివరికి మిగిలిన తేడా 21 సెకన్లే. 2008లో ఫాబియానా లుపెరీనీ తర్వాత ఆ రేసు గెలిచిన ఇటలీ మహిళ ఆమే.

సైక్లింగ్‌లో గెలుపోటములు లేని శాఖ కూడా ఇటలీలోనే మొలిచింది. 1897లో పన్నెండు మంది ఇటాలియన్లు రోమ్ నుంచి నేపుల్స్‌కు, 230 కిలోమీటర్లు, పగటి వెలుగులోనే తొక్కడానికి పూనుకున్నారు. వారికి వచ్చిన ఆడాక్స్ అన్న పేరే ఫ్రాన్సు మీదుగా మన దాకా చేరింది. నేడు హైదరాబాద్ రాండన్యూర్స్ క్లబ్బు నడిపే బ్రెవేలు అనే సుదూర సవారీలు ఆ సంతతివే. 200 కిలోమీటర్లకు 13 గంటల 30 నిమిషాలు, 600కు 40 గంటలు గడువు. దారిలో కార్డు మీద ముద్రలు వేయించుకోవాలి. చీకట్లో లైట్లు, మెరిసే జాకెట్ తప్పనిసరి. పంక్చరైతే ఎవరిది వారే వేసుకోవాలి. ఫలితాల్లో ర్యాంకులుండవు. అయినా ఎదురుగాలిలో పరిచయంలేని నలుగురు ఒక వరస కట్టి వంతులేసుకుంటారు.

ఈ సంప్రదాయం విలువ అక్కడే ఉంది. బలవంతుడు ఎక్కువసేపు ముందుండాలి, అలసినవాడు సిగ్గుపడకుండా వెనక్కి పోవాలి. వంతు ఎగ్గొట్టేవాడిని గుంపు ఇట్టే పసిగడుతుంది. ఈ విద్య నేర్చుకోవడానికి హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో తెరిచిన 23 కిలోమీటర్ల సోలార్ కప్పు సైకిల్ ట్రాక్ ఉంది, ఒంటి వరసకు అది చాలు. ఏటవాలు వరసకు మాత్రం వాహనాలు లేని వెడల్పాటి రోడ్డే కావాలి. ఇటలీలో రేసు నాడు ఊళ్ల మీదుగా పోయే రోడ్లు మూస్తారు. ఆదివారం పొద్దున్నే రెండు గంటలు ఒక సర్వీసు రోడ్డు మూసే ఊరికి ట్రాక్ కట్టే ఖర్చు కూడా ఉండదు.